ఇరవై ఏడు రాత్రులు

గరాజు మీద గదికి పదమూడు మెట్లు.
తొమ్మిదోది కిర్రుమంటుంది.
బాగుచేస్తానంటూనే పోయాడు హాల్వర్.
ఇప్పుడు నాకదే కాలింగ్ బెల్లు,
ఎవరొచ్చారో, ఏ వేళకొచ్చారో చెప్పేస్తుంది.

స్కూలు బస్సు తిప్పే చేతులు నావి.
పన్నుల ఆఫీసు కవరు మొదటిసారి పట్టుకున్నప్పుడు
మంచు ఎత్తే పారకన్నా బరువనిపించింది.
ఫోనులో ఎవరో అమ్మాయి, ఓపికగల గొంతు,
రెండుసార్లు చెప్పింది, మూడోసారి నవ్వేసింది:
"బస కింద నాలుగు, అమ్మకం కింద నాలుగు,
వందకి ఎనిమిదండీ మోంటానాలో.
అది మీ డబ్బు కాదు,
మీ చేతిలో కాసేపు ఆగే డబ్బు."

నచ్చింది ఆ మాట.
బస్సెక్కే పిల్లలూ అంతేగా.
కాసేపు నా చేతిలో ఉండి దిగిపోతారు,
ఒక్క తల తగ్గినా జవాబు చెప్పాల్సింది నేను.

ఆ రోజే ఒక కాఫీ డబ్బా వేరు పెట్టాను.
వెబ్‌సైటులో బుక్ చేసుకునే వాళ్ల పన్ను
ఆ కంపెనీ వాళ్లే పట్టుకుని కట్టేస్తారు.
నేరుగా వచ్చి తలుపు తట్టేవాళ్లది నా పూచీ:
ట్రౌటు చేపల కోసం వచ్చి జలుబుతో వెళ్లేవాళ్లు,
పెళ్లికొచ్చి ఒక బూటు మరిచిపోయేవాళ్లు.
ఫిబ్రవరిలో నరమానవుడు రాడు.
అయినా మూడు నెలలకోసారి కాగితం నింపాలి,
సున్నా వేసి, కింద సంతకం పెట్టి.
ఏమీ జరగలేదన్న సంగతికి కూడా
ఒట్టు వేయించుకుంటుంది ప్రభుత్వం.

ముప్పై రాత్రులు నిండితే మాత్రం పన్ను లేదు.
ముప్పై నిద్రలు చేసినవాడు అతిథి కాడట,
ఇక్కడివాడేనట.
ఈ ఒక్క వాక్యం కోసం
మిగతా పేజీలన్నీ క్షమించాను.

ఏప్రిల్లో వచ్చాడు ఓరిన్ స్టాడ్లర్,
తూర్పు మైదానాల్లో గొడ్లు కాసుకునే మనిషి.
భార్య లియోటా ఆసుపత్రిలో, ఇక్కడికి నాలుగు మైళ్లు.
రాత్రికి అరవై చొప్పున ముప్పై రాత్రులకు
పద్దెనిమిది వందలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
"నెలలో నడుస్తుందన్నారు," అన్నాడు.
రసీదు మీద పన్ను లేదు అని రాసిచ్చాను,
నేనే వరమిస్తున్నంత గొప్పగా.

రోజూ పదింటికి కిర్రుమనేది మెట్టు.
కిర్రు, ఆ పైన నాలుగు అడుగులు, తలుపు.
ఇరవై ఏడో రాత్రి
కిర్రు వినపడింది,
అడుగులు రాలేదు.

కోటు వేసుకుని వెళ్లాను.
తొమ్మిదో మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు,
ఒళ్లో కాగితపు సంచీ,
అందులో కొత్త చెప్పులు, ధర చీటీ ఇంకా తీయలేదు.
నేను ఎనిమిదో మెట్టు మీద కూర్చున్నాను.
చలి చాలా వేసింది.

తెల్లారి మూడు రాత్రుల డబ్బు, నూట ఎనభై,
వద్దంటున్నా జేబులో కుక్కాను.
పన్ను మాట ఎత్తలేదు.

తర్వాత ఫోను చేస్తే అదే అమ్మాయి.
ఈసారి నవ్వలేదు.
"పడుకున్న రాత్రులే లెక్కండీ,
ఉందామనుకున్న రాత్రులు కాదు."
నూట ఇరవై తొమ్మిది డాలర్ల అరవై సెంట్లు.
చేతి చమురే.

ముప్పై అని రాసుకుంటే ఎవరడుగుతారు?
పుస్తకం నాది, పెన్ను నాది,
ఆ మెట్టు సాక్ష్యం చెప్పదు.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
ఆమెకే దొరకని మూడు రాత్రుల్ని
నేనెక్కణ్ణుంచి తెచ్చి రాయను?

ఇరవై ఏడు అని రాశాను.
ఏడు కాస్త వంకరగా వచ్చింది, దిద్దలేదు.
స్టాంపు అంటించి కవరు బస్సులో పెట్టాను,
ఆరూ నలభైకి మొదటి స్టాపు,
పోస్టు డబ్బా ఆ పక్కనే.