మలైకాజా డబ్బా సబ్బు

రొయ్య వాసన
గోటి కింద కాపురం పెడుతుంది.
ముత్తుకూరు రోడ్డులో షెడ్డు దిగి
ఇంటికొచ్చి ఎంత రుద్దుకున్నా
పెరుగన్నం ముద్ద నోటి దాకా తెచ్చేసరికి
ముందు అదే పలకరిస్తుంది.
పన్నెండేళ్ళు చెంచాతోనే తిన్నాను,
ఉదయగిరి కొయ్య చెంచాతో.

"మనమే చేసుకుందాం మే," అనింది పక్కింటి మస్తానమ్మ.
యాడ నేర్చుకుందో చెప్పదు.
కాస్టిక్ సోడాను నీళ్ళలో పొయ్యాల,
నీళ్ళను సోడాలో పొయ్యకూడదు.
ఈ ఒక్క మాట నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది.
దొడ్లో గాలివాటం చూసుకుని పోస్తే
పొయ్యి లేకుండానే గిన్నె కాలింది.
కోపమొచ్చిన మనిషిని వదిలేసినట్టు
దాన్నట్టా వదిలేసి టీ తాగాం.

శనక్కాయ నూనె ముప్పాతిక, కొబ్బరినూనె పావు,
పొదలకూరు నిమ్మతొక్కలు ఎండేసి దంచిన పొడి గుప్పెడు.
ఆ కొయ్య చెంచాతోనే తిప్పాను.
నూనె నూనెగానే ఉండాది.
సీరియలైపోయింది. చెయ్యి మారింది.
మళ్ళీ నా వంతొచ్చింది.
చెంచా ఎత్తి జారవిడిస్తే
పైన ముగ్గు గీత మునగకుండా నిలబడాలంట.
నిలబడింది,
నా వాకిట్లో గీతల్లాగే కొంచెం వంకరగా.

పెళ్ళోళ్ళిచ్చిన మలైకాజా డబ్బాలో
కవరు పరిచి పోసి, పాత దుప్పటి కప్పాం.
రాత్రి రెండుసార్లు లేచి చెయ్యేసి చూశాను.
జ్వరమొచ్చిన బిడ్డ నుదురంత వెచ్చగా ఉంది.
పక్కరోజు గాలపు దారంతో కోస్తే పద్నాలుగు బిళ్ళలు.

మండలం రోజులు బీరువా మీద ఆరాల.
ఏటా మాల వేసే మా ఆయన
"సబ్బుక్కూడా దీక్షేనా!" అని నవ్వాడు.
వారానికోసారి నాలుక కొసకి తాకించేదాన్ని.
చురుక్కుమనడం మానేసిన రోజు
దీక్ష తీరింది.

బోరు కింద రుద్దుకున్నాను.
నురగే లేదు.
విరిగిన పాలల్లే తెల్లటి పలుకులు
వేళ్ళకంటుకుని వదల్లేదు.
మా ఊరి నీళ్ళలో సముద్రానికి వాటా ఉంది, ఆ సంగతి మర్చేపోయాం.
మస్తానమ్మ మూడు రోజులు గోడ దగ్గరికి రాలేదు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
కరెంటు పోయింది. షెడ్డు మూసేశారు.
చూరు కింద నీలం డ్రమ్ము పొర్లిపోతుంటే
ఎందుకో ఒక బిళ్ళ తీసుకెళ్ళి తడిపాను.
అబ్బ!
చీకట్లో నురగ కనపడలేదు,
జారింది, పొంగింది, మోచేతుల దాకా ఎక్కింది,
చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిటమంది.
"మస్తానమ్మా, రా మే!"
నెత్తిన గోనెసంచి వేసుకుని వచ్చింది.
రెండు చేతులూ రుద్దుకుని, కడుక్కుని,
ఏం మాట్లాడకుండా
తన అరచేతులు తానే వాసన చూసుకుంటా
వానలోనే నిలబడిపోయింది.

ఆ రాత్రి ఇద్దరం కొవ్వొత్తి ముందు కూర్చుని
పచ్చిపులుసన్నం చేత్తో కలుపుకున్నాం.
వేళ్ళు నాకాం, సిగ్గు లేకుండా.

వాన వెలిసింది. షెడ్డు తెరిచారు.
మధ్యాహ్నానికల్లా ఆ వాసన
అద్దె కట్టిన మనిషిలా వచ్చి
గోటి కింద కూర్చుంది.

బీరువా మీద ఇంకా పదకొండు బిళ్ళలున్నాయి.
డ్రమ్ములో నీళ్ళు
జానెడు.