ఉప్పు ఎక్కడికీ పోదు

మలక్‌పేటలో రెండో అంతస్తు.
వంటింటి గోడకానుకుని నలభై లీటర్ల సముద్రం.
ఫ్రిజ్ పెట్టాల్సిన చోట అది కూర్చుందని
విఠల్ మొదట్లో నెల రోజులు అలిగాడు.

ఏప్రిల్ ఆఖరి వారంలో
సుత్తి పగడం ముడుచుకోవడం మొదలుపెట్టింది.
లైటు వేయగానే తడివేళ్లలా విచ్చుకునేది,
ఆ పొద్దున
అద్దె అడగడానికొచ్చారేమోనని తలుపు సందులోంచి చూసే మనిషిలా
కొంచెం బయటికొచ్చి ఆగిపోయింది.
మూడోనాటికి అంచున తెల్లటి ఎముక,
చిగురు దిగిన పన్ను.

నాది డయాలసిస్ యూనిట్లో ఉద్యోగం.
రోజుకి ఎనిమిదిమంది నెత్తుట్లో ఉప్పు లెక్క చూసేదాన్ని,
నాకు తెలీనిదేముందని
ఒక్కోదాన్నే అనుమానించాను.
లైటు ఎక్కువైందేమో, జానెడు జరిపాను.
పంపు నీళ్లు మొహాన కొడుతున్నాయేమో, మూతి తిప్పాను.
రాత్రి తొమ్మిదిన్నరకి గాజుసీసాలో చుక్కలు లెక్కపెట్టాను
నీలం పసుపయ్యేదాకా.
బాగానే ఉంది. ఆ రెండోది కూడా బాగానే ఉంది.
చివరికి పీతని పట్టుకుని
ఒక పూటంతా చెంబులో ఖైదు పెట్టాను.
దానికి ఇప్పటికీ నా మీద కోపం.

చాదర్‌ఘాట్‌లో ముంతజిర్ భాయ్
నా ఫోన్‌లో ఫోటో చూసి, కళ్లద్దాలు నుదుటికెత్తి,
"దవా నక్కో బాజీ, పైలే పానీకో పూఛో" అన్నాడు.
మందులమ్మే మనిషి మందొద్దంటే
నమ్మాలి కదా.
నమ్మలేదు. సీసా కొనుక్కునే వచ్చాను.

మర్నాడు నాలుగో మంచం మీద అనసూయ గారు
కుజుడి కోసం పెట్టుకున్న ఉంగరం తిప్పుకుంటూ అడిగింది:
"ఇది రాయి కాదా? బతికే ఉంటుందా?"
ఫోటో చూపించాను.
ఆమెకి రోజుకి ముప్పావు లీటరే, ఆ పైన చుక్క లేదు.
చాలాసేపు చూసి,
"దీనికి దాహమేస్తోందేమో అమ్మా" అంది.

ఇంటికొచ్చి చెప్పులిప్పకుండానే
ఒక్క బొట్టు అద్దం మీద వేసి ట్యూబులైటు వైపు ఎత్తాను.
నీలం తెలుపు కలిసే గీత
ముప్పై అయిదు దగ్గర ఉండాలి.
నలభై రెండు మీద నిలబడి ఉంది.

"ఎండకి ఫ్యాను పెట్టినవ్ గదా, నీళ్లు తాగేస్తుంది.
నేనే రోజూ ఇంత పోస్తున్న" అన్నాడు విఠల్
గర్వంగా.
ఏ బకెట్లోంచి?
"మూత ఉన్నదాంట్ల కెల్లి.
సముద్రానికి ఉప్పే గదా పొయ్యాలె!"

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
గాలికి లేచిపోయేది నీళ్లే,
ఉప్పు ఎక్కడికీ పోదు, అక్కడే కూర్చుంటుంది.
పది రోజులుగా ఈ మనిషి
నాకు చెప్పకుండా, ఒలికించకుండా,
గ్లాసు గ్లాసు ప్రేమగా దాని గొంతెండబెట్టాడు.
ఆదివారం ఉప్పు కలిపేది నేనేనని
అదొక్కటీ కొలవనిది నేను.

ఒక్కసారే మంచినీళ్లు కుమ్మరిద్దామన్నాడు. వద్దన్నాను.
మొదటిసారి మిషనెక్కిన వాళ్లకి మేం రెండు గంటలే పెడతాం.
తొందరగా శుభ్రపడినా తట్టుకోలేదు ఒళ్లు.
రోజుకో లీటరు తీసి, రోజుకో లీటరు ఉత్తనీళ్లు.
ఏడు రోజులు.

చచ్చిన కొమ్మని కటింగ్ ప్లయరుతో కత్తిరించాను.
మిగిలినదాన్ని టీ రంగు అయోడిన్ నీళ్లలో పది నిమిషాలు.
వంటిల్లంతా మా వార్డు వాసన.
విఠల్ సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని
ఊపిరి బిగబట్టి నిమిషాలు చదివాడు,
ఎనిమిది... ఎనిమిదిన్నర...

మూడు తలల్లో ఒకటి పోయింది.
ఒకటి నిన్న సగం విచ్చుకుంది.
మూడోది ఏమనుకుంటోందో ఇంకా తెలీదు.
కత్తిరించిన తెల్లకొమ్మ కిందికి
పీత కాపురం మార్చింది.

బకెట్ల మీద మార్కరుతో విఠల్ రాశాడు,
ఒకదాని మీద "ఉప్పు",
రెండోదాని మీద "దాహం".