నాలుగొందల పదిహేడు

వరద తీసిన మూడో రోజు
డాబా మీద రిజిస్టర్లు ఆరబెట్టాం,
నేనూ, అటెండరు బుగ్గన్నా,
గాలికి లేవకుండా ఒక్కోదాని మీదా
ఒక నాపరాయి ముక్క పెట్టి.

తుంగభద్ర బురద వాసన.
పేర్లన్నీ నీలి సిరాతో రాసినవి,
నీళ్ళతోనే వెళ్ళిపోయాయి.
నెంబర్లు ముందే అచ్చొత్తినవి.
కదల్లేదు.

417.
దానికెదురుగా
అరచేయంత నీలి మరక.

"ఇది మా మౌలాలి మామ నెంబరు గదా మేడం" అన్నాడు బుగ్గన్న.
"కాదు, ఏసోబుది" అన్నాను, జీతాల బిల్లు గుర్తొచ్చి.
ఇద్దరి మాటా నిజమే.
ఒకరు లేచిన పీట మీద
ఇంకొకరు కూర్చుంటారు,
చెక్క చల్లారక ముందే.

నెంబర్లు లేని కాలమొకటి ఉండేదట.
కోయిలకుంట్ల దిక్కు కట్టుబడి బంట్లు.
జీతం లేదు, ఇంత మాన్యం.
కంబగిరి, కంబగిరి కొడుకు, వాని కొడుకు మళ్ళీ కంబగిరి.
దొంగ అడుగుజాడ పొలిమేర దాటేదాకా
వాళ్ళదే పూచీ.
ఎవడు చెప్తే పట్టుకుంటివిరా అంటే
మీసం చూపించేవాడట.

దొరలొచ్చి మీసం చాలదన్నారు.
కాగితం కావాలన్నారు.
సన్నదు.
ముద్ర వేసి, మూడు మడతలు పెట్టి:
ఫలానా వాణ్ణి పోలీసుగా నియమించడమైనది,
కొలువు వదిలిన నాడు
ఈ కాగితం తిరిగి ఒప్పచెప్పవలెను.
చదువు రాని కంబగిరి
దాన్ని తలగుడ్డలో చెక్కుకొని తిరిగితే
చెమటకు తడిసి ముద్ర నుదుటికంటిందని
మా పాత సూపరింటెండెంటు చెప్పే కథ.
ఆయన ఇంకా చాలా చెప్పేవాడు లెండి.

కాగితం మూలన ఒక అంకె ఉండేది.
అది మెల్లగా ఇత్తడిలోకి దిగింది,
ఇత్తడి భుజానికెక్కింది,
భుజం నుంచి జనం నోటికి.

కొండారెడ్డి బురుజు కాడ బందోబస్తులో
"నాలుగొందల పదిహేడూ" అంటే
చప్పున తిరిగే మౌలాలి
తన కూతురి నిఖాలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే
పక్కకు చూశాడట, ఎవర్నో అనుకుని.
లైన్లలో కొళాయి కాడ
ఆయన భార్య కూడా నాలుగొందల పదిహేడమ్మే.

ఏసోబు రిటైరైన రోజు
బెల్టు, లాఠీ, టోపీ, ఇత్తడి నెంబర్లు రెండు
నా బల్ల మీద పెట్టాడు.
చింతపండుతో తోమి తెచ్చాడు వాటిని,
ఎవరికో పెళ్ళికి పంపిస్తున్నట్టు.
రసీదు రాసిచ్చాను.
పోలేదు, నిలబడే ఉన్నాడు.
"రిజిస్టర్లో నా పేరు ఒకసారి
ఇంటిపేరుతో సహా రాస్తారా మేడం,
చేరినప్పుడు ఎవరో వై. ఏసోబు అని ఊరుకున్నారు."
రాశాను.
యర్రమల ఏసోబు.
నీలి సిరాతో.

ఈ మరక అదే.

దసరా దాటాక కొత్త బ్యాచ్ వచ్చింది.
పత్తికొండ పిల్లోడు, రంగముని,
బూట్లు ఇంకా కాలికి నచ్చని వాడు.
"ఇంతకు ముందు ఇది ఎవరిది మేడం?"
పుస్తకం అతని వైపు తిప్పాను.
మరకను వేలితో తడిమి చూసి
వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు, పాపం.

ఈసారి బాల్‌పెన్ను తీసుకున్నాను.
ఇంటిపేరు అడిగాను, తండ్రి పేరు అడిగాను,
కింది నాలుగు పేజీలకూ అచ్చు పడేటట్టు
ఒత్తి ఒత్తి రాస్తుంటే
టీ గ్లాసు పట్టుకొని బుగ్గన్న అన్నాడు:
"అంత ఒత్తితే కాగితం చినుగుతాది మేడం."