ఖాళీ బరువు

తగిలినప్పుడు ఆవగింజంతే అంది.
లక్ష్మీపూర్ ఘాటీ దిగే సరికి చింతగింజంత.
రాయగడ వచ్చేసరికి అద్దం ఆ అంచు నుంచి ఈ అంచుకి
నాగావళికి పటం గీసినట్టు.

రాయి విసిరిన లారీ నంబరు చూశారా అని
ఇన్సూరెన్సు వాడు ఫోన్లో అడిగాడట.
"ఎర్ర దుమ్ము చూశాను బాబూ" అందట
సాలమీ కడ్రక, పెద్దాసుపత్రి నర్సు.
వాళ్ల ఊరు మొత్తానికి మొదటి కారు,
ఇంకా నలభై ఒక్క వాయిదాలు.

అద్దం ఒక్కటి మారిస్తే తీరే రోజులు పోయాయి.
లోపల అద్దానికి ఆనుకుని, నుదుటి మీద
ఒక కన్ను.
"పక్క సీట్లో అత్తగారే అనుకో మిస్త్రీ.
గీత దాటితే అరుపు, దగ్గరికి పోతే అరుపు.
రెండ్రోజులై నోరు మూసుకుంది,
ఏటో, తోచట్లేదు."

విశాఖ నుంచి మూడోనాడు దిగింది కొత్తది,
గడ్డిలో పనసపండు పంపినట్టు.
తీగ దూర్చి లోపల నేను, బయట బలియా,
రంపం లాగినట్టు లాగాం.
పాత బంక, పాత పగ, ఊరికే వదల్దు.
అద్దం లేచాక వైపరు కింద గాడిలో
వేపాకులు, సగం బస్సు టిక్కెట్టు,
శనగబద్దంత ఎర్రటి రాయి.
జేబులో వేసుకున్నాను. ఎందుకో అడక్కండి.

"బంక ఆరేదాకా తలుపు దబ్బున వేయకండమ్మా."
నవ్వింది.
"కుట్లేశాక గట్టిగా దగ్గొద్దని
నేనూ రోజుకి పదిమందికి చెప్తాను."

ఇక కన్ను కుదరాలి.
కొత్త అద్దంలోంచి కనబడేది పాత లోకమేనని
దానికి నచ్చచెప్పాలి.
గళ్ల పలక ఎదురుగా నిలబెట్టాలి, కొలిచి.
ఇక్కడ వెంట్రుకవాసి ఒరిగితే
వంద గజాల అవతల
సైకిలు మీద వెదురు మోసుకెళ్లే మనిషి
ఉన్నచోట ఉండడు.

నేల సమంగా ఉండాలి, అదే మొదటి షరతు.
నా షెడ్డులో గోళీ పెడితే కాలవలోకి పోతుంది.
మిల్లు కళ్లం వాననీటికి వాలు.
కల్యాణమండపం అడిగాను, మాఘం కదా,
వంటవాళ్లు తిట్టారు.
బలియాయే అన్నాడు, కాటా!

గుణుపూర్ రోడ్డులో లారీల కాటా.
రాత్రి పదకొండు దాటాక
ఏ లారీ పడుకునే ముందు చివరిసారి తూగి వెళ్లిందో గాని
ఇనుప పలక ఇంకా వెచ్చగా ఉంది.
తాపీ దండాసి దగ్గర తెచ్చిన తూకంగుండు వేలాడదీశాను.
కొలత ఒడియాలో చెప్పాను బలియాకి,
తప్పితే తిట్టు తెలుగులో.
ఒకసారి ట్యూబులైటు మెరుపు అడ్డం,
కాలేదంది కన్ను.
ఒకసారి పలక మీద రెక్కల చీమ,
కాలేదంది.
చీమని చీమ అనుకుందో, లారీ అనుకుందో.
మూడోసారి ఊపిరి బిగపట్టి నిలబడ్డాం ముగ్గురం.
స్టీరింగు ముందు ఆమె వేళ్లు,
నాడి పట్టుకున్నప్పటిలా.

అయింది. పచ్చటి టిక్కు.
అత్తగారికి నోరొచ్చింది.

కాటా గదిలో కుర్రాడు అలవాటు కొద్దీ
చీటీ కొట్టి ఇచ్చాడు, నలభై రూపాయలు:
వెయ్యిన్ని రెండొందల తొంభై కేజీలు. ఖాళీ బరువు.
ఆమె దీపం కింద పట్టుకుని చదివింది.
"ఒరే, నేను లోపలే కూర్చున్నాను కదరా.
నన్ను ఖాళీ అని రాశావా?"
వాడు నాలిక్కరుచుకున్నాడు,
ఆమె చీటీ మడిచి పర్సులో పెట్టింది.

కారు వెళ్లాక
జేబులో రాయి గుచ్చుకుంది.
తీసి కాటా మధ్యలో పెట్టాను.
గదిలోకి కేకేశాను, ఎంతరా?
కిటికీలోంచి ఎర్ర అంకెలు చూసి
సున్నా అన్నాడు.

సరిగ్గా చూడరా.

సున్నాయే మిస్త్రీ.