గాలికి పోయిన లెక్క

వెయ్యి కిలోల గుల్ల.
కోరంగి రేవులో నావ దించిన రోజు
కాటా చెప్పిన మాట అది.
బట్టీ మూడు రాత్రులు సరుగుడు కట్టెలు నమిలి
నాలుగో పొద్దున చల్లారింది.
ఐదో రోజు కాటా ఎక్కిన సున్నం
ఐదు వందల ముప్పై.

"మిగతా నాలుగొందల డెబ్బై
ఏ కాలవగట్టున అమ్మావురా పోలయ్యా?"

బులిరెడ్డి గారు కొత్త ఆసామి.
మొన్నటిదాకా రొయ్యల మేత వ్యాపారం.
బస్తా ఎంత తూగి వస్తే
అంతే తూగి పోవాలి ఆయనకి.

నాన్న తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.
"గాలికి పోయిందండి" అన్నాడు.
బట్టీ దగ్గర అందరూ నవ్వారు.
ముప్పై ఏళ్లు నిప్పు ముందు కూర్చున్నవాడికి
తెలిసిన శాస్త్రమంతా ఆ ఒక్క ముక్కే,
అదీ తప్పించుకునేవాడి మాటలా వినపడింది.

వారం కూలి ఆగింది.

నా నోటుపుస్తకం నిండిపోయింది.
కొత్తది ఆ ఆగిన కూలిలో ఉంది.
అందుకని ఆ రాత్రి
పెరటి గోడ మీద బొగ్గుముక్కతో
సమీకరణం రాశాను.
బొగ్గు అక్కడక్కడ జారింది.

తాళ్లరేవు కాలేజీలో హైమావతి మేడం చెప్పింది:
పుంజీ అంటే నాలుగు, డజను అంటే పన్నెండు,
మోల్ అంటే
ఆరు, దాని పక్కన ఇరవై మూడు సున్నాలు.
సున్నాలకేం, మా ఇంట్లో కొదవా అనుకున్నాను అప్పుడు.
చెవుల వెనక కూడా తెల్లగా ఉండేవాళ్లం మేము.
ఇంకో మాట కూడా చెప్పింది:
"ముందు తూకం మరిచిపోండి, తలలు లెక్కపెట్టండి.
తలలు కలిశాక మళ్లీ తూకానికి రండి."

ఒక గుల్ల విడిపోతే
ఒక సున్నం, ఒక గాలి.
ఒకటికి ఒకటి, ఇంకొకటి.
అన్నదమ్ముల పంపకంలా ఉంటుంది గానీ
ఎవరి ఒంటి బరువు వాళ్లదే.
మోల్ గుల్ల నూరు గ్రాములు,
మోల్ సున్నం యాభై ఆరు,
మోల్ గాలి నలభై నాలుగు.

వెయ్యి కిలోలంటే పదివేల మోల్‌లు.
పదివేల మోల్‌ల సున్నం
ఐదు వందల అరవై కిలోలు.
ఏ దేవుడొచ్చి కొలిమి ఊదినా
అంతకు మించి చిటికెడు రాదు.
పదివేల మోల్‌ల గాలి,
నాలుగు వందల నలభై కిలోలు,
పొగలో కలిసి మడ చెట్ల మీదుగా
గౌతమి దాటిపోయింది.
వల లేదు దానికి. కాటా లేదు.

గాలికి పోయిందండి.

తెల్లారి బులిరెడ్డి గారిని గోడ దగ్గరికి పిలిచాను.
కళ్లజోడు తుడుచుకుని
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు.
తూకమంటే ఆయనకీ గౌరవమే,
గోడ మీద తూకమైనా సరే.

"మరి అరవై రావాలిగా నూకరత్నం?
ముప్పై తక్కువొచ్చిందే?"

"గుల్లలో ఇసకండి. తడండి. నడిమధ్య కాలని ముక్కలండి.
పుస్తకంలో గుల్ల వేరు, కోరంగి గుల్ల వేరండి, ఆయ్."

కూలి ఇచ్చాడు,
ఎందుకైనా మంచిదని
ఒక రోజుది అట్టేపెట్టుకుని.

ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగాక
అంకెల్ని అరచేత్తో చెరిపాను.
చెయ్యి నల్లబడాలి.
తెల్లబడింది.

బట్టీ చల్లారిన రోజు దాకా
ఈ గోడ మట్టిగోడ.
ఆయన అంకెలే చూశాడు.
నేనూ అంకెలే చూశాను,
రాత్రంతా దాని మీదే రాస్తూ.
ఆ ముప్పైలో ఇసక ఎంతో, తడి ఎంతో,
పెరట్లో బోర్లించిన ఆ బుట్ట ఎంతో
తేల్చే సమీకరణం నాకు రాదు.

ఒకటి మాత్రం వచ్చు.
గోడకు కొట్టిన సున్నం ఊరుకోదు.
పోయిన గాలిని రోజూ కొంచెం కొంచెం
తిరిగి లాక్కుంటుంది,
ఒకటికి ఒకటి,
మళ్లీ గుల్లంత గట్టిపడేదాకా.

"ఆరిందా?"
లోపల్నుంచి నాన్న గొంతు, మెల్లగా.

"ఆరుతోంది నాన్నా" అన్నాను.