రెండోది

"రెండోది ఎప్పుడు?" అంటారు.
గ్రీమ్స్‌పేటలో మా మేనత్త అడిగితే
నా కడుపు వైపు చూస్తుంది.
తిరుపతిలో యూనివర్సిటీ గేటు కాడ
గడ్డం పిలకాయలు అడిగితే
నా భుజానున్న బేస్ గిటారు సంచీని చూస్తారు.
ఇద్దరికీ ఒకటే జవాబు:
చూద్దాం లే.

మొదటిది తొమ్మిది రోజుల్లో అయిపోయింది.
కొర్లగుంటలో ఇంతియాజ్ వాళ్ళ పరుపుల అంగడి మిద్దె మీద.
నాలుగు వైపులా దూది మూటలు.
బయటికి ఒక్క చప్పుడు పోలేదు,
లోపల గాలాడక అరిచాం.
విన్నవాళ్ళు దాన్ని కోపం అన్నారు.
సగం ఉక్క.

తర్వాత నాలుగేళ్ళు.
చెంగల్రాయుడు మూడు చరణాలు రాసి
నాలుగు కొట్టేసేవాడు.
ఇంతియాజ్ పెండ్లయి గల్లాపెట్టె ముందర కూర్చున్నాడు.
వాడి "రేపొస్తా"కి
నెలనెలా వడ్డీ పెరిగింది.
నేను బిడ్డను కన్నాను.
బిడ్డ ఉన్న ఒళ్ళో గిటారు పట్టదు.
చాలాసార్లు ప్రయత్నించి చెప్తున్నా.

చివరికి చిత్తూరు అవతల
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
జనవరి. ఒక్క కాయ లేదు.
మేనేజరు చెంగల్రాయుడికి బావ వరస.
"పదకొండు రాత్రులు. కరెంటు బిల్లు మీదే.
కొళాయిలు ముట్టుకోవద్దు."

స్టీలు ట్యాంకులు, ఒక్కోటి ఒక ఇల్లంత.
ఎంత కడిగినా
పోయినేటి బెంగళూరా కాయ వాసన.
చెంగల్రాయుడు మూత తీసి
తల లోపల పెట్టి "ఆ" అన్నాడు.
అది తిరిగొచ్చేసరికి
వాడు అవతల నీళ్ళు తాగుతున్నాడు.

వెనక శీతల గది కంప్రెసర్.
ఆపేదానికి లేదు, లోపల ఎవరివో చింతపండు బస్తాలు.
రాత్రంతా ఒకటే పట్టుగా గుంయ్‌మంటుంది.
మూడు రాత్రులు దాన్ని తిట్టాం.
ఇంతియాజ్ అంగడి పరుపులు తెచ్చి కప్పాం.
పరుపుల కింద నుంచి కూడా అదే మాట.
నాలుగో రాత్రి
నేను తీగ వదులు చేశా,
ఇంకొంచెం,
ఇంకొంచెం,
కంప్రెసర్ వచ్చి నా పక్కన కూర్చుంది.
చెంగల్రాయుడు ఏమీ అనలేదు,
తన ఆరు తీగలూ దించాడు.
"శ్రుతి పెట్టె ఫ్రీగా దొరికిందిరా" అన్నాడు ఇంతియాజ్
ఫోన్లో అంగడి లెక్కలు చూసుకుంటూ.
అయినా కర్రలు తీశాడు.

కాపలా రెడ్డెప్ప దుప్పటి కప్పుకొని స్టూలు మీద.
మొదటి ఆల్బమ్ వినిపిస్తే
"ఇది ఎవుర్నో కొట్టేదానికి పోతా ఉండేది" అన్నాడు.
కొత్త పాట పెట్టాం.
చాలాసేపు బీడీ ముట్టించలేదు.
"ఇది కొట్టేసొచ్చినాక
చెయ్యి నొప్పెడతా ఉండేది."
పత్రికలవాళ్ళెవరూ మమ్మల్ని అంత బాగా రాయలేదు.
నిజానికి ఎవరూ రాయనే లేదు.

పదకొండో రాత్రి, ఎనిమిదో పాట మధ్యలో
కరెంటు పోయింది.
కంప్రెసర్ ఆగింది.
పదకొండు రాత్రుల్లో మొదటిసారి
ఫ్యాక్టరీ ఎంత పెద్దదో తెలిసింది.
మేం ఆపలేదు. చీకట్లోనే చివరిదాకా.
రికార్డు కాలేదు కదా,
అదే అన్నిటికంటే బాగొచ్చిందని
ఇంతియాజ్ ఇప్పటికీ అంటాడు.
నాకు గుర్తున్నంతవరకు
నేను రెండుచోట్ల తప్పాను.

మే నెలలో బిల్లు కట్టేదానికి పోయా.
గేటు బయట ట్రాక్టర్లు, టోకెన్లు,
కిలో ధర చెప్పి చెప్పి గొంతు పోయిన రైతులు.
మేం పాడిన ట్యాంకు నిండా గుజ్జు.
వేలి కణుపుతో కొట్టా.
దబ్.
అంతే.

మేనత్తకు చెప్పా, రెండోది వచ్చిందని.
లేచి చక్కెర తెచ్చేలోపు
ఫోన్ తీసి వినిపించా.
చక్కెర గిన్నె చేతిలోనే ఉంది,
పాట అయ్యేదాకా నిలబడింది.
"ఫ్యాను ఆపండే, ఏదో మూలుగుతాంది" అనింది.
ఫ్యాను తిరగడం లేదు.

వంటింట్లో నా బిడ్డ
స్టీలు బిందెలో తల పెట్టి
"ఆ" అంటోంది.
ఏం వినిపించిందే అని అడిగా.
నన్ను చెయ్యెత్తి ఆపింది,
ఇంకా రాలేదన్నట్టు.