ఉల్‌బోసిన్ జడ

బల్ఖాష్ సరస్సు ఒడ్డున రాగి కర్మాగారం.
గాలి ఇటు తిరిగిన రోజు
నాలుక మీద పాత కానీ పెట్టినట్టుంటుంది.

తోక్తార్ ఇరవై ఆరేళ్లుగా కొలిమి ముందే.
నున్నటి గుండు. మెడ వెనక చిటికెడు గీరి తీసుకున్నాను,
మూడు వారాల జ్ఞాపకం, అంతే.

అతని భార్య ఉల్‌బోసిన్ జడ విప్పింది.
కుదురు దగ్గర పాయ కత్తిరించి దారం కట్టాను.
నెలకో సెంటీమీటరు లెక్కన
కొసలో నాలుగేళ్ల కిందటి చలికాలం ఉంది.

కాగితాలొచ్చాయి.
సీసం అతనికెక్కువ. ఇనుమూ అతనికే.
రాగి మాత్రం ఆమె రక్తంలో ఎక్కువ.

"కొలిమి నాది, రాగి దీనిదా?"
జీతంలో కోత పడ్డట్టు
కాగితం తిరగేసి చూశాడు తోక్తార్.

ఆడవాళ్ల ఒంటి తీరే అంత అన్నాను,
ఇనుము నెలనెలా పోతుంది, రాగి నిలుస్తుంది.
అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.
"పోయిన ఇనుము ఎక్కడ రాస్తారు?"

నా పట్టీలో ఆ గడి లేదు.

పేరు గడి ఉంది, పక్కనే ఆడా మగా గడి.
మా భాషలో ఉల్‌బోసిన్ అంటే
ఈసారైనా కొడుకు పుట్టాలని.
నలుగురు అక్కల తర్వాత తండ్రి పెట్టిన పేరు;
నలభై నాలుగేళ్లుగా పిలిస్తే పలుకుతోంది.
దాని పక్కన "స్త్రీ" అని రాసింది నేనే,
అప్పుడు చెయ్యి ఆగలేదు.

వెళ్తూ జడ ముందుకు వేసుకుంది.
మెడ మీద, నేను కత్తిరించిన చోట,
పొట్టి వెంట్రుకలు
జడలో ఇమడక నిక్కి ఉన్నాయి.